ఎడ్వర్డు వింపరు : ఎక్కిన శిఖరము, తెగిన త్రాడు

పర్వతములను మన పూర్వులు దేవతానిలయములుగ భావించి కొలిచిరి. తిరుమలకైనను శ్రీశైలమునకైనను మనవారు కొండనెక్కిపోవుట స్వామి దర్శనార్థమే గాని, ఎక్కుటయే ప్రయోజనముగ నెంచి కాదు. ఐరోపాఖండమునందలి ఆల్ప్సు పర్వతముల క్రింద పశువులను మేపుకొని జీవించు పల్లెవారును తమ తలలపై నిలిచిన మంచుకొండలను జూచి జంకుచు తరతరములు వానికి దూరముగనే మెలగిరి. స్విట్జర్లాండునకును ఇటలీకిని నడుమ సరిహద్దున నిలిచిన మాటర్‌హార్ను శిఖరముపై పాడుబడిన పట్టణమొకటి కలదనియు, అందు ప్రేతములు సంచరించుననియు, దాపునకు బోయినవారిపై అవి బండలు దొర్లించుననియు ఆ పల్లెలలో వాడుక యుండెను. అట్టి శిఖరమును తన యిరువదియైదవ యేట నెక్కి, ఎక్కిన దినముననే తనతో వచ్చిన నలువురు అగాధమున గూలుట కన్నులార జూచి, ఆ దృశ్యమును తక్కిన నలుబదియాఱేండ్లును మోసిన ఎడ్వర్డు వింపరు జీవితమును నేడు మా పాఠకుల యెదుట నుంచుచున్నాము. సాహసమును మెచ్చుట సులభము. సాహసముతోకూడ వచ్చు బాధ్యతను గుర్తించుట కష్టము. ఈ రెండవదానిని నేర్చుకొనుటకు ఇంతకంటె తగిన చరిత్రము అరుదని మా యభిప్రాయము.

వింపరు 1840 ఏప్రిలు 27 వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి జోసయా వింపరు కొయ్యదిమ్మెలపై బొమ్మలు చెక్కి అచ్చున కిచ్చు వృత్తియందు పేరుగాంచినవాడు. పదునొకండుగురు సంతానములో ఎడ్వర్డు రెండవవాడు. ఛాయాచిత్రములను పుస్తకములలో అచ్చొత్తు పద్ధతి వ్యాపింపని ఆ దినములలో బొమ్మలు చాలవరకు ఇట్టి దిమ్మెలనుండియే ముద్రితమగుచుండెను. గట్టి కొయ్యను నునుపుచేసి, దానిపై చిత్రమును వ్రాసి, తెలుపుగ నుండవలసిన తావులనెల్ల సన్నని ఉలితో తొలగించి, నల్లని రేఖలను మాత్రము నిలుపవలెను. ఉలి ఒక్క వెంట్రుకవాసి తప్పినను దానిని దిద్దుట మిక్కిలి కష్టము. పదునాలుగేండ్ల ప్రాయమున చదువు చాలించి తండ్రి పనిశాలలో చేరిన ఈ బాలునకు ఆ వృత్తి ఓర్పును, సూక్ష్మదృష్టిని, కొలతయందు శ్రద్ధను అలవరచెను. ఉత్తర ధ్రువప్రాంతములకు బోయి పేరుదెచ్చుకొనవలెనని చిన్ననాట కలలుగన్న అతనిని పర్వతములవైపు త్రిప్పినది ఈ బొమ్మల పనియే.

1857 లో లండనులో ఆల్ప్సు పర్వతారోహకుల సంఘ మొకటి యేర్పడియుండెను. విద్వాంసులును, మతాచార్యులును, న్యాయవాదులును, ధనికులును అందు సభ్యులు. వారి యాత్రలను గూర్చిన గ్రంథములకు బొమ్మలు కావలసి లాంగ్‌మన్ అను ప్రచురణకర్త 1860 లో వింపరును ఆల్ప్సునకు పంపెను. అప్పటికి వింపరునకు ఇరువదియేండ్లు. ఉన్నతకులజుడు గాడు, విశ్వవిద్యాలయమును ఎఱుగడు, చేతిపనివలన బ్రదుకువాడు. కొండలను జూచిన తోడనే, వానిని దూరమునుండి గీయుటకంటె పైకెక్కి చూచుట మేలని అతనికి దోచెను. మరుసటి సంవత్సరము ఫ్రాన్సునందలి పెల్వూ శిఖరము నెక్కెను. ఆ విజయముతో అతని దృష్టి మాటర్‌హార్నుపై నిలిచెను.

ఆ శిఖరము 14,692 అడుగుల ఎత్తుగలది. ఆల్ప్సులో దానికంటె ఎత్తైనవి లేకపోలేదు. అయినను మోంట్‌బ్లాంకు 1786 లోనే మానవపాదముల క్రింద నొదిగెను. తక్కిన పెద్ద శిఖరములును ఒకదాని వెంట నొకటి లొంగుచుండ, మాటర్‌హార్ను మాత్రము ఒంటరిగ నిలిచిన గోపురమువలె నాలుగు ముఖములతో నిటారుగ లేచి, ఎవ్వరిని దరిజేరనీయక యుండెను. ఇటలీ వైపున దాని పాదమున వాల్‌తూర్నాన్ష్ అను లోయయు, అందు బ్రెయి అను చిన్న పల్లెయు గలవు. స్విట్జర్లాండు వైపున జెర్మాట్ గ్రామము గలదు. రెండు గ్రామములకు నడుమ మంచుతో గప్పబడిన థియొడ్యూల్ కనుమ దారి. ఈ కథయంతయు ఈ రెండు గ్రామముల నడుమ జరిగినది.

బ్రెయి వైపు లోయలో జాన్ ఆంట్వాన్ కారెల్ అను మనుజుడుండెను. అతడు కొండవేటయందును, రాళ్ళు కట్టుపనియందును ఆరితేరినవాడు. ఇటలీ ఏకరాజ్యముగ నేర్పడుటకై జరిగిన యుద్ధములలో సైనికుడుగ పోరాడి వచ్చినవాడు. మాటర్‌హార్నును ఎక్కవచ్చునని వింపరుకంటె ముందుగనే నమ్మి, 1857 నుండియే ప్రయత్నించుచున్నవాడు. అతని కోరిక ఒక్కటే. తన లోయకు తలమానికమైన ఆ శిఖరమును తన లోయవైపునుండియే, తన జనులే మొదట నెక్కవలెను. కూలికై దారి చూపుట అతని జీవనమే గాని, ఆ కొండను కూలికి అమ్ముకొనుట అతని కిష్టము లేదు. వింపరు అతనిని నియోగించుకొనుచు, ఒక్కొక్కప్పుడు అతనితో కలహించుచు, మరల అతనికడకే వచ్చుచు నుండెను. ఇరువురును ఒకరి నైపుణ్యము నొకరు ఎఱిగినవారే. ఇరువురికిని కావలసినది ఒక్కటే గనుక స్నేహమును పోటీయును పెనవేసికొనిపోయెను.

1861 మొదలు వింపరు మరల మరల మాటర్‌హార్నుపై దండెత్తెను. 1862 వేసవి ఒక్కదానియందే పలుమార్లు యత్నించెను. ఆ జూలైలో ఒకమారు తోడెవ్వరును దొరకక ఒంటరిగ బయలుదేరి, అంతకుముందు తానెక్కిన యెత్తును మించి పోయెను. మరునాడు దిగివచ్చుచు మంచుపై కాలుజారి, బండనుండి బండకు తాకుచు రమారమి 200 అడుగులు పడిపోయెను. క్రింద నోరు దెరచియున్న అగాధమునకు కొంచెము ఈవల రాళ్ళనడుమ తట్టుకొని నిలిచెను. తలనుండి కారు రక్తమును గాయములపై మంచుగడ్డ లదిమి ఆపుకొని, స్మృతిదప్పి మరల దెలిసి, చీకటిలో పల్లెకు జేరెను. ఆ గాయములు మానీమానకమునుపే మరల కొండకు బోయెను. 1863 ఆగస్టులో కారెల్‌తో గూడి వెళ్ళినపుడు పిడుగులు, మంచువాన వారిని కొండగట్టుపైనున్న చిన్న గుడారమున ఒక దినమునకు పైగా నిర్బంధించి వెనుకకు మరల్చెను. ఓటమి పెరిగినకొలది అతని పట్టుదల పెరిగెనే గాని తగ్గలేదు.

ఇదే కాలమున అతడు ఇతర శిఖరములపై ప్రవీణుడయ్యెను. 1864 లో ఆడోల్ఫస్ మూర్, హొరేసు వాకరు అను మిత్రులతోడను, మిషెల్ క్రో, క్రిస్టియన్ ఆల్మరు అను మార్గదర్శులతోడను ఫ్రాన్సునందలి బార్ దెజెక్రాన్ అను ఉన్నతశిఖరమును మొదటిసారి ఎక్కెను. 1865 జూను 29 న ఆల్మరుతోను, బీనరు అను మఱియొకనితోను ఎగీల్ వెర్త్ శిఖరమును జయించెను. ఈ మార్గదర్శులలో షామొనీ ప్రాంతీయుడైన క్రోపై అతనికి అపారమైన గౌరవము. కొండపైననే ఆ మనుజుడు సంపూర్ణముగ జీవించుచున్నట్లు కనబడునని వింపరు తలంచెను.

వింపరు విజయమునకు కారణము కేవలము మొండితనము కాదు. చెక్కుడుపనిలో శిక్షితమైన అతని కన్ను అందఱును జూచియు చూడనిదానిని జూచెను. జెర్మాట్‌నుండి చూచువారికి మాటర్‌హార్ను తూర్పుముఖము నిలువుగోడవలె నగపడును. అందుచేత అందఱును ఇటలీవైపునుండియే యత్నించుచుండిరి. వింపరు ప్రక్కనుండి పరిశీలించి, ఆ గోడ వాలు నలుబది డిగ్రీలకు ఎంతో మించదనియు, దానిపై వేసవిలోగూడ మంచు నిలుచుటయే అందుకు సాక్ష్యమనియు గ్రహించెను. అంతియగాక, ఆ కొండరాతిపొరలు ఒకవైపునకు ఒరగియున్నవి. ఇటలీవైపున ఆ పొరల అంచులు క్రిందికి వ్రేలాడి, పట్టు చిక్కక కాలు జారును. స్విట్జర్లాండు వైపున అవే పొరలు లోపలికి వాలి మెట్లవలె నేర్పడును. ఎదుట భయంకరముగ నున్న త్రోవ లోపల సులభమైనదనియు, సులభమని యెల్లరు నమ్మినదే కఠినమైనదనియు అతడు నిర్ణయించెను. నాలుగేండ్ల ఓటమికి ఇది ఫలితము.

1865 జూలై మొదటివారమున వింపరు బ్రెయికి వచ్చి కారెల్‌ను మాటాడుకొనెను. కాని అప్పటికే వేఱొక యేర్పాటు జరిగియుండెను. 1863 లో ఇటలీ దేశీయులు తమ పర్వతారోహణసంఘమును ట్యూరిను నగరమున స్థాపించియుండిరి. దాని స్థాపకుడును, అప్పటి యార్థికమంత్రియు నైన క్వింటీనో సెల్లా, ఈ శిఖరము పరదేశీయుల పాలు గాకుండవలెనని తలచి, జొర్డానో అను శాస్త్రజ్ఞుని రహస్యముగ బ్రెయికి బంపెను. జూలై 11 వ తేదీ యుదయమున వింపరు లేచి చూచునప్పటికి కారెల్ తన వారితో కొండపైకి సాగిపోవుచుండెను. తాను మోసపోతినని వింపరు మండిపడెను. అతని కోపమును మేము గ్రహింపగలము; కారెల్ హృదయమును అంతకంటె బాగుగ గ్రహింపగలము. తన జన్మభూమి శిఖరముపై తన దేశపు పతాకము నిలుపుటకు పిలుపు వచ్చినపుడు, ఏ స్వదేశాభిమాని పరదేశి కూలి నెంచుకొనును?

ఆ దినముననే లార్డు ఫ్రాన్సిసు డగ్లసు అను పదునెనిమిదేండ్ల యువకుడు కనుమదాటి బ్రెయికి వచ్చెను. వింపరు అతనితో గలిసి మరునాడు జెర్మాట్‌నకు బోయి, అచటి అనుభవజ్ఞుడైన పీటరు టౌగ్వాల్డరును కుదుర్చుకొనెను. ఆ గ్రామముననే హోటలు ముంగిట వింపరునకు క్రో కనబడెను. ముందుగ జేసికొన్న యొడంబడికనుబట్టి వింపరును వీడిపోయిన క్రోను చార్లెసు హడ్సను అను క్రైస్తవాచార్యుడు నియోగించుకొని అదే మాటర్‌హార్నునకు బయలుదేరుచుండెను. హడ్సను ఆనాటి ఆరోహకులలో అగ్రగణ్యుడు. రెండు గుంపులు వేఱువేఱుగ ఒక్క కొండపై పోవుట తగదని ఎంచి అందఱు ఏకమైరి. హడ్సను వెంట డగ్లసు హాడో అను పందొమ్మిదేండ్ల బాలుడుండెను. ఇతడు తగినవాడేనాయని వింపరు విచారించెను. హాడో మోంట్‌బ్లాంకును చాలమందికంటె త్వరగ నెక్కెనని హడ్సను హామీ యిచ్చెను. మోంట్‌బ్లాంకు మంచుపై నడచుటకును మాటర్‌హార్ను బండలపై ప్రాకుటకును గల భేదమును ఆ యిరువురు ఎఱుగనివారు గారు. అయినను ఆ ప్రశ్న అంతటితో ముగిసెను. ఈ కథలో మొదటి తప్పు ఇచట జరిగెనని మేము తలంచుచున్నాము.

జూలై 13 న ఉదయము 5½ గంటలకు నిర్మలమైన ఆకాశము క్రింద వారు బయలుదేరిరి. వింపరు, డగ్లసు, హడ్సను, హాడో, క్రో, పెద్ద టౌగ్వాల్డరు, అతని కుమారులిద్దఱు. ఆ రాత్రి దాదాపు 11,000 అడుగుల యెత్తున గుడారము వేసిరి. మరునాడు టౌగ్వాల్డరు చిన్నకొడుకు వెనుకకు మరలగా తక్కిన యేడ్గురును తూర్పుముఖమున సాగిరి. వింపరు ఊహించినట్లే దూరమునుండి నిలువుగోడగ నగపడినది దగ్గఱకు జేరగనే మెట్లుమెట్లుగ నుండెను. పెద్దభాగమున త్రాడుతో గూడ పనిలేకపోయెను. శిఖరమునకు కొంచెము క్రింద మాత్రము ఉత్తరముఖమువైపు మరలవలసివచ్చెను. అచట బండల సందులు మంచుతో నిండి, పలుచని గాజువంటి మంచుపొరతో కప్పబడియుండెను. కైవశము గలవానికి అది దుస్తరముగాదు. హాడో మాత్రము అడుగడుగునకు చేయూత కోరవలసినవాడయ్యెను. దానిని దాటినపిమ్మట శిఖరము కంటబడెను. వింపరును క్రోయును త్రాడు విప్పుకొని పోటీగ పరుగెత్తిరి. మధ్యాహ్నము 1 గంట 40 నిమిషములకు మాటర్‌హార్ను మానవునకు లోబడెను.

కారెల్ ముందుగ వచ్చెనేమోయని వింపరు శిఖరమునందలి మంచుపై అడుగుజాడలను వెదకెను. ఒక్కటియు లేదు. క్రిందికి తొంగిచూడగా ఇటలీవైపు గట్టుపై చాల దిగువను కారెల్ గుంపు చుక్కలవలె కనబడెను. వింపరును క్రోయును కేకలువేసిరి. వినబడకుండుటచే రాళ్ళు దొర్లించిరి. ఆ బండల ధ్వనికి క్రిందివారు తలయెత్తి చూచి వెనుదిరిగిరి. క్రో తన చొక్కాను విప్పి గుడారపుగుంజకు గట్టి పతాకముగ నిలిపెను. దానిని బ్రెయి గ్రామస్థులును జూచి, తమ కారెలే గెలిచెనని యా సాయంకాలము ఉత్సవము జేసికొనిరట. తొట్టతొలుత ఆ కొండను కోరినవాని హృదయమున ఆ ఘడియయందు కలిగిన వేదనను వింపరు గుర్తింపకపోలేదు. కారెల్ ఆ క్షణమున తన ప్రక్క నుండవలసినదని అతడు పిమ్మట తెలుపుకొనెను.

ఒక గంటకాలము వారు శిఖరముపై గడపిరి. దిగునపుడు వరుస యిట్లు నిర్ణయమయ్యెను. ముందు క్రో, పిమ్మట హాడో, హడ్సను, డగ్లసు, పెద్ద టౌగ్వాల్డరు. కఠినస్థలమున బండకొక త్రాడు గట్టి దానిని ఆధారముగ బట్టుకొని దిగుట మేలని వింపరు హడ్సనుతో ననెను. హడ్సను ఒప్పుకొనెను. కాని అట్లు చేయవలెనని ఎవ్వరును గట్టిగ నిశ్చయింపలేదు, ఎవ్వరును చేయలేదు. తక్కినవారు త్రాడు కట్టుకొనుచుండ వింపరు శిఖరమును చిత్రించుచు, అందఱి పేరులు వ్రాసి సీసాలో నుంచుచు వెనుకబడియుండెను. వారికడ మూడు విధములైన త్రాళ్ళుండెను. రెండు దృఢమైనవి. మూడవది సన్నది, పాతది. అది కొండపై విడిచి వచ్చుటకు తెచ్చినది గాని మనుష్యులను గట్టుటకు తెచ్చినది గాదు. పెద్ద టౌగ్వాల్డరునకును డగ్లసునకును నడుమ గట్టబడినది ఆ మూడవ త్రాడు. దానిని ఎవ్వరును పరీక్షింపలేదు. కొంతదూరము దిగిన పిమ్మట, ఎవ్వరైన జారినచో టౌగ్వాల్డరు ఒక్కడు ఆపజాలడని డగ్లసు భయపడి, వింపరును గూడ తమతో గట్టుకొమ్మని వేడెను. వింపరు అట్లే జేసెను. ఈ ప్రార్థనయే వింపరును, చిన్న టౌగ్వాల్డరును ఆ ముందువారి విధితో ముడివేసెను.

మూడు గంటల వేళ క్రో తన గొడ్డలిని ప్రక్కనుంచి, హాడో పాదములను తన చేతులతో ఒక్కొక్కటిగ బండపై నిలుపుచుండెను. అట్లు నిలిపి తాను దిగుటకై వెనుదిరిగినంతలో హాడో కాలుజారి అతని వీపుపై బడెను. ఇరువురును దొర్లిపోగా ఆ లాగున హడ్సనును, వెంటనే డగ్లసును ఎగిరిపోయిరి. క్రో అఱపు విని వింపరును టౌగ్వాల్డరును బండలను గట్టిగ బట్టుకొని నిలిచిరి. త్రాడు బిగిసెను. ఆ బిగింపు వారిపై ఒక్క మనుజునిపై వలె వచ్చెను. వారు కదలలేదు. కాని టౌగ్వాల్డరునకును డగ్లసునకును నడుమ త్రాడు తెగెను. నలువురును చేతులు చాచి పట్టుకొన జూచుచు, ఒకరివెంట నొకరు మరుగై, దాదాపు 4,000 అడుగుల క్రిందనున్న హిమానీనదముపై బడిరి. మిగిలిన మువ్వురు అరగంటసేపు అడుగు వేయలేక నిలిచిపోయిరి. టౌగ్వాల్డరులు చిన్నపిల్లలవలె ఏడ్చిరి. తెగిన కొనను జూచినపుడు గాని అది ఏ త్రాడో వింపరునకు తెలియలేదు.

మరునాడు వారు జెర్మాట్ జేరిరి. ఆ మరుసటిదినము ఆదివారము. ఉదయప్రార్థనకు రాకున్న వెలివేయుదుమని ఆ గ్రామ పురోహితులు జెప్పగా అచటి మార్గదర్శులు పోలేకపోయిరి. వింపరు అన్యగ్రామస్థులను వెంటబెట్టుకొని పోయి క్రో, హాడో, హడ్సనుల కళేబరములను కనుగొనెను. డగ్లసు కళేబరము ఎన్నడును దొరకలేదు. ప్రభుత్వపక్షమున విచారణ జరిగెను. పెద్ద టౌగ్వాల్డరు దోషి గాడని తేలెను. కాని, తన ప్రాణము గాచుకొనుటకై అతడే త్రాడు గోసెనను నింద దేశదేశముల బ్రాకెను. వింపరు దానిని ఖండించెను. త్రాడు కోయబడలేదు, తెగెనని స్పష్టముగ జెప్పెను. అయినను ఆ సన్నని త్రాటినే టౌగ్వాల్డరు ఏల యెన్నుకొనెనో అను సంశయమునకు తన గ్రంథమున తావిచ్చెను. ఆ త్రాడు వింపరుదే. కట్టునపుడు పరీక్షింపవలసినవారిలో అతడును ఒకడే. ఆ భారమును అతడు నిండుగ తన తలపై వేసికొనియుండిన ఆ పేదవాని జీవితము అంతగ చితికిపోకుండెడిది. టౌగ్వాల్డరు కొన్నాళ్ళు అమెరికాకు వలసబోయి, తిరిగివచ్చి, 1888 లో మాటర్‌హార్ను నీడననే కాలధర్మము నొందెను. వింపరు చరిత్రమున మేము మెచ్చజాలని భాగము ఇది యొక్కటి. ఆ తెగిన త్రాడు నేటికిని జెర్మాట్ ప్రదర్శనశాలలో నున్నది.

కారెల్ సంగతియును జెప్పవలెను. మనసువిరిగి బ్రెయికి దిగివచ్చిన అతనిని జొర్డానో ధైర్యము జెప్పి మరల పురికొల్పెను. ఆమె గొర్రె అను యువపురోహితుడును, బిష్, మేనే అను నిరువురును అతనితో బయలుదేరిరి. జూలై 17 న కారెలును బిష్షును శిఖరమున కాలుమోపి ఇటలీ పతాకము నెత్తిరి. శిఖరమునకు కొంచెము దిగువను, తిరిగివచ్చు వారికి సాయపడుటకై ఎవరైన నిలువవలసిన చోటొకటి యుండెను. గొర్రె అచట మేనేతో నిలిచిపోయెను. ఎంతయో ఆశించిన శిఖరమును కొలది అడుగుల దూరమున విడిచి, తనవారు క్షేమముగ దిగుటయే తన కీర్తియని తలచిన ఈ మనుజుని పేరు ఎక్కినవారి పేరులతో సమానముగ స్మరింపదగినదని మా విశ్వాసము.

ఇంగ్లండులో మహాకోలాహలము చెలరేగెను. గొప్ప పత్రికలు ఈ వ్యర్థసాహసమును దూషించెను. విక్టోరియా రాణియు దీనిని నిషేధింప వీలగునాయని విచారించెను. వింపరు కొంతకాలము మౌనము వహించి, పిమ్మట నడచినదానిని పత్రికలో వివరించెను. ఆల్ప్సులో క్రొత్త శిఖరముల వేట అంతటితో దాదాపుగ మానివేసెను. ఆఱేండ్ల శ్రమతో తానే బొమ్మలు చెక్కి 1871 లో తన ఆరోహణచరిత్రమును ప్రకటించెను. పర్వతారోహణ వాఙ్మయమున దానికి నేటికిని అగ్రస్థానము గలదు. నైపుణ్యములేని సాహసము నిష్ఫలమనియు, ఒక్క నిమిషపు అజాగ్రత్త జన్మమంతటి సుఖమును చెఱుపగలదనియు ఆ గ్రంథము హెచ్చరించుచున్నది. తనను గూర్చియే తాను వ్రాసికొన్న హెచ్చరిక యది.

1867 లోను 1872 లోను అతడు గ్రీన్లాండు ద్వీపమునకు బోయి శిలాజములను సేకరించెను. ఉన్నతప్రదేశములందు మనుజుని ఊపిరికిని దేహమునకును ఏమగునో పరిశీలించుటకై హిమాలయములకు రావలెనని తరువాత సంకల్పించెను. హిందూదేశపు వాయవ్య సరిహద్దున ఆంగ్లప్రభుత్వమునకు గలిగిన చిక్కులచేత ఆ సంకల్పము నెఱవేరలేదు. అందువలన దక్షిణామెరికాయందలి ఈక్వడారు దేశమునకు బోయెను. తోడుగ ఎవ్వరిని గొనిపోయెనో వినిన పాఠకులు సంతసింతురు. కారెలును, అతని బంధువు లూయీ కారెలును. బ్రెయిలో పుట్టిన పగ అంతమై ఇరువురును ఒక్క త్రాటిన నడిచిరి. 1880 జనవరి 4 న వారు 20,500 అడుగులకు మించిన చింబొరాజో శిఖరమును మొట్టమొదట నెక్కిరి. 1802 లో హంబోల్టు పండితుడు యత్నించి చేరలేకపోయిన శిఖర మది. సుమారు 16,600 అడుగులకడ గుడారమున మువ్వురును తలనొప్పి, జ్వరము, ఊపిరాడకుండుటలచే పడిపోయి, కొన్నిదినములు అచటనే యుండగా తేరుకొనిరి. గాలి ఒత్తిడి తగ్గుటయే ఈ బాధకు కారణమనియు, దేహము క్రమముగ దాని కలవాటుపడుననియు వింపరు విపులముగ వ్రాసి యుంచెను. కోటొపాక్సి అగ్నిపర్వతముఖమున ఒక రాత్రి గడపెను. చింబొరాజోను ఎక్కెననుట నమ్మనివారుండగా, అదే సంవత్సరము జూలైలో ఆ దేశీయులను సాక్షులుగ వెంటబెట్టుకొని మరల నెక్కి చూపెను. ఈ కృషికి 1892 లో లండను భూగోళశాస్త్రసంఘమువారు అతనికి పతకము నొసంగిరి.

అంతకు రెండేండ్లు ముందే కారెల్ మరణించెను. 1890 ఆగస్టులో, అరువదియేండ్లు దాటిన ఆ వృద్ధుడు ఇటలీ సంగీతకర్తయగు సినిగాల్యాను మాటర్‌హార్నుపైకి గొనిపోగా తుపాను పట్టెను. రెండుదినములు గుడిసెలో చిక్కుకొని, ఆహారమును వంటచెఱకును కొఱతపడగా, మంచువానలో అతడు ముందు నడచి, తనను నమ్మినవారిని క్షేమముగ కఠినస్థలములన్నిటిని దాటించి, అపాయము ముగిసిన చోట కూలబడి ప్రాణము విడిచెను. తాను ప్రేమించిన శిఖరపు పాదముననే, తన పని ముగిసినపిమ్మటనే ఆ మరణము లభించెను. వింపరు తన చిరకాల ప్రత్యర్థికి గౌరవముతో నివాళులర్పించెను.

వింపరు తుదిదినములు సుఖముగ గడవలేదు. మాయదీపముతో బొమ్మలు జూపుచు ఊరూర ఉపన్యసించెను. షామొనీ, జెర్మాట్‌లకు మార్గదర్శక గ్రంథములు వ్రాసెను. ఛాయాచిత్రముద్రణ వృద్ధియగుటతో చెక్కుడుపని క్షీణించెను. 1901 మొదలు కొన్నిమార్లు కెనడా దేశపు పర్వతములకు బోయివచ్చెను. 1906 లో ముదిమియందు వివాహమాడెను. ఒక కుమార్తె కలిగెను. ఆ దాంపత్యము నిలువలేదు. 1911 సెప్టెంబరులో షామొనీయందు జబ్బుపడి, వైద్యుని రానీయక, హోటలు గదిలో తలుపు బిగించుకొని, 16 వ తేదీన ఒంటరిగ మరణించెను. అప్పటికి డెబ్బదియొక్క యేండ్లు. క్రో పుట్టిన ప్రాంతపు మట్టిలోననే అతని సమాధి యున్నది.

ఈ చరిత్రమునుండి మనము గ్రహింపదగినది కొండలెక్కరాదనుట గాదు. సాహసములేని జాతి క్షీణించును. వింపరు నాలుగేండ్లు ఓడియు విడువని పట్టుదలయు, ఎల్లరు నమ్మినదానిని శంకించి స్వయముగ పరిశీలించిన బుద్ధియు మన యువకులకు ఆదర్శములే. మేము చెప్పునది వేఱు. పది మందిని వెంటబెట్టుకొని ఏ కార్యమునకైన బూనినవాడు ముందు నడచువాని బలమును గాక, నడుమనున్న దుర్బలుని అడుగును లెక్కింపవలెను. చేయవలసినదని అందఱు ఒప్పుకొన్నపని ఎవ్వరు చేయుదురో ఆ క్షణముననే నిర్ణయింపవలెను. విజయము లభించిన ఘడియయందే త్రాళ్ళను మరియొకమారు పరీక్షింపవలెను. ఏలయన ఎక్కునపుడు మనుజుడు భయముతో జాగరూకుడైయుండును. దిగునపుడు సంతోషముతో మఱచును. ఆ సన్నని త్రాడు కట్టుటకు ముందు ఎవ్వరైన దానిని ఒక్కమారు చేతబట్టి చూచియుండినచో, ఏడ్గురును ఆ సాయంకాలము జెర్మాట్‌నకు దిగివచ్చియుందురేమో. మన గ్రామములందును పట్టణములందును పెద్దకార్యములకు నాయకత్వము వహించు పాఠకమహాశయులు ఈ యొక్క విషయమును మనసున నిలుపుకొందురని నమ్ముచున్నాము.